వేసవి చదువులు: పుస్తకాల పడవ నుంచి వేపచెట్టు దాకా

మన సంఘం పత్రికను ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ ముట్టుకోవడం మానేశారని కార్యదర్శిగారు బాధపడుతున్నారు. ప్రతి సంచికలోనూ కరువు భత్యం బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు. వాళ్లెందుకు ముట్టుకుంటారు? "ఈ ప్రత్యేక సంచికకైనా ఇంటిల్లిపాదీ చదివేది ఏదైనా రాయండి, వేసవి సెలవులు వస్తున్నాయి, మనవలూ మనవరాళ్లూ దిగుతారు" అన్నారు. సరే, ఆ వేసవి సెలవుల గురించే నాలుగు మాటలు రాస్తాను. నేను చరిత్ర పండితుణ్ణి కాను. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై మూడేళ్లు కాలువ గట్ల మీద తిరిగి రిటైరయినవాణ్ణి. అయితే ఈ చరిత్రలో కొంత భాగం కాలువ గట్ల మీదే జరిగింది కనుక నాకూ కాస్త హక్కు ఉందనుకుంటాను.

సెలవులు రాగానే ప్రతి ఇంట్లోనూ ఒక తగవు మొదలవుతుంది. "ఇంట్లో కూర్చుని ఏదైనా చదువుకో" అని అమ్మ. "అలా బయటికి వెళ్లి ఆడుకోనీ, ఏడాదంతా పుస్తకాలేగా" అని నాయనమ్మ. చదువు ఇంట్లో, ఆట బయట అని మనం ఎప్పుడో విడగొట్టేసుకున్నాం. నా చిన్నతనంలో ఈ విడదీత లేదు. డాబా మీద ఎండబెట్టిన వడియాలకు కాకులు రాకుండా కాపలా పెట్టేది చేతిలో చందమామ ఉన్న పిల్లవాడినే. వాడు కథలో మునిగిపోతే కాకి పని కాకి చేసుకునేది, వాడి వీపు పని అమ్మ చూసేది. మామిడితోట కాపలా అయినా అంతే. నులక మంచం, కుండలో నీళ్లు, దిండు కింద ఒక పుస్తకం.

పెద్దవాళ్లకు ఉగాది సంచిక ఉండేది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక, కొద్ది కాలానికే ఏటా ఉగాదికి ఒక లావుపాటి ప్రత్యేక సంచిక వేయడం మొదలుపెట్టింది. చరిత్ర, శాసనాలు, కవిత్వం, వైద్యం, బొమ్మలు అన్నీ అందులోనే. చైత్రంలో చేతికొచ్చిన పుస్తకం జ్యేష్ఠం దాకా చదివేంత ఉండేది. వేపపూత రాలే రోజుల్లో మొదలుపెట్టి, తొలకరి పడేసరికి ముగించేవారు. ఒక ఇంట్లో కొంటే పది ఇళ్లు తిరిగేది. తిరిగి తిరిగి అట్ట ఊడిపోయాక గాని సొంత గూటికి చేరేది కాదు.

ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది 1914 ఏప్రిల్ 1న. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, ఏప్రిల్ 10న, బెజవాడలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులంతా ఒకచోట చేరి మొదటి మహాసభ జరుపుకున్నారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అలా పుట్టింది. దీని వెనక ముఖ్యంగా పనిచేసింది అయ్యంకి వెంకటరమణయ్యగారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా లేవు. తర్వాత గ్రంథాలయ సర్వస్వం అనే పత్రికను నడిపి, జీవితమంతా ఇదే పనిలో ఉండి, 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. నాకు ముచ్చట వేసింది వేరే సంగతి. ఏప్రిల్ నెల మధ్యలో, బెజవాడలో, ఆ ఎండలో సభ ఎందుకు పెట్టుకున్నారా అని పాత క్యాలెండరు లెక్క వేసి చూశాను. 1914 ఏప్రిల్ 10 శుక్రవారం. ఆ ఆదివారం ఈస్టరు. అంటే సభ జరిగింది గుడ్ ఫ్రైడే సెలవు నాడన్నమాట! ప్లీడర్లు, బడిపంతుళ్లు, కచేరీ గుమాస్తాలు పైసా జీతం నష్టం లేకుండా రాగలిగిన రోజు. ఉద్యోగం చేసిన మనకు ఈ కిటుకు ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చిన్నతనం నుంచీ రేచీకటితో బాధపడ్డ మనిషి. తర్వాత్తర్వాత చూపే పోయింది. తన స్వీయచరిత్రను తాను చెబుతుంటే మరొకరు రాశారు. చదవడం అంటే ఒక్కడే మూల కూర్చుని కళ్లతో చదవడం మాత్రమే కాదని ఆయనకంటే బాగా తెలిసినవారు ఆ సభలో ఇంకెవరుంటారు? ఈ మాట ఎందుకంటున్నానంటే, 1911 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అక్షరం వచ్చినవాళ్లు నూటికి ఆరుగురు కూడా లేరు. మిగతా తొంభై నాలుగు మందికి గ్రంథాలయం పెట్టడం ఎలా? వాళ్లు చదవలేరు కనుక వినాలి. వినాలంటే చదివేవాడు గొంతెత్తాలి. గొంతెత్తాలంటే నాలుగు గోడల మధ్య కుదరదు. అందుకే మన గ్రంథాలయోద్యమం మొదటి నుంచీ అరుగు మీదికీ, రచ్చబండ దగ్గరికీ, చెట్టు కిందికీ వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఊరివాళ్లు పొలాల నుంచి వచ్చి కూర్చుంటే, ఒకరు లాంతరు దగ్గర పెట్టుకుని పేపరు చదివేవారు. వేసవిలో కోతలు అయిపోయి పొలం పని తక్కువగా ఉంటుంది కనుక జనం ఎక్కువ. పట్నంలో చదువుకునే కుర్రవాళ్లు సెలవులకు ఊరు వస్తారు కనుక చదివే గొంతులూ ఎక్కువ.

గ్రంథాలయం పని నేర్పడం కూడా వేసవిలో జరిగిందని మీలో ఎందరికి తెలుసో! మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్‌గారు, అక్కడి గ్రంథాలయ సంఘం కలిసి 1929లో పెట్టిన శిక్షణ తరగతులు వేసవి పాఠశాలగానే ఆరంభమయ్యాయి. ఉపాధ్యాయులకు తీరిక దొరికేది అప్పుడే మరి. ఆయన ఊతంతోనే 1931 అక్టోబరులో తంజావూరు జిల్లా మన్నారుగుడి దగ్గర కనకసభై పిళ్లై అనే ఇంజనీరు ఒక ఎడ్లబండిలో పుస్తకాలు పేర్చి ఊళ్లు తిప్పించారు. పుస్తకం ఉన్నచోటికి మనిషి రావడం కాక, మనిషి ఉన్నచోటికి పుస్తకం పోవడం అన్నమాట.

మన వైపు ఆ పని పడవ చేసింది. గుంటూరు జిల్లా పెదపాలెంలో పుట్టిన పాతూరి నాగభూషణంగారు 1935లో కాలువ మీద పడవలో గ్రంథాలయం పెట్టారు. పెదవడ్లపూడికీ కొల్లూరుకూ మధ్య తిరిగే పడవ. అప్పటికాయనకు ఇరవై ఎనిమిదేళ్లు. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని కింది కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో పాటు వందేళ్లపాటు రోడ్లుగానూ పనిచేశాయి. ధాన్యం, కలప, పెళ్లివారు, కోర్టు పక్షులు అందరూ పడవల మీదే. గట్టు మీద మనిషి తాడు భుజాన వేసుకుని లాగుతుంటే పడవ నడుస్తుంది. మనిషి నడిచినంతే దాని వేగం. దారిలో లాకులు. ఒక్కో లాకు దగ్గర తలుపులు మూసి, నీటిమట్టం సరిచేసి, మళ్లీ తలుపులు తీసేదాకా ఆగాలి. గంటల తరబడి చల్లటి నీళ్ల మీద, పైన గుడ్డ పందిరి, గట్టున తుమ్మచెట్లు, చేయడానికి ఏ పనీ లేదు. పుస్తకం చదవడానికి ఇంతకంటే మంచి తావు భగవంతుడు కూడా కల్పించలేడు. దాన్ని చూసి, ఇక్కడ పుస్తకాలు పెడితే బాగుంటుందని తోచడం గొప్ప. తోచినదాన్ని చేసి చూపడం మరీ గొప్ప.

ఇక్కడ కాలువ ఉద్యోగిగా ఒక మాట చెప్పాలి. పుస్తకాల పడవ గురించి రాసేవాళ్లు అది ఏడాది పొడుగునా తిరిగినట్టు రాస్తారు. కాలువల్లో ఏడాది పొడుగునా నీళ్లుండవు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీయాలి, గండ్లు పూడ్చాలి, లాకు తలుపులకు మరమ్మతు చేయాలి. మా శాఖలో అసలు పని అంతా ఆ నాలుగు వారాల్లోనే. కాలువ కట్టిన వారానికి మడుగుల్లో మిగిలిన చేపల కోసం ఊరంతా దిగేది. పిల్లలు కాలువ అడుగున చెడుగుడు ఆడేవారు. అంటే సెలవుల నడిమి రోజుల్లో పడవ గట్టున ఉండేదన్నమాట. అప్పుడు పుస్తకానికి మిగిలిన వాహనం మనిషి భుజమే. సంచిలో పుస్తకాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి ఇచ్చి, మళ్లీ వచ్చి తీసుకుపోయే సంచార గ్రంథాలయాలు అందుకే మన ఉద్యమంలో పడవతో సమానంగా లెక్కకు రావాలి. పడవకు ఫొటో అందం ఉంది కనుక అది అందరికీ గుర్తుంది. భుజానికి ఆ భాగ్యం లేదు.

ఆ లాకుల సంగతి నాకు ఇంత వివరంగా తెలియడానికి కారణం మా నాన్న. ఆయన డెల్టాలో ఒక లాకు దగ్గర లస్కరు. చక్రం తిప్పి తూము తలుపు ఎత్తడం, దించడం ఆయన పని. 1940ల నాటి మాట. పడవ లాకులోకి వచ్చి ఆగినప్పుడు, అందులో పేపరున్న పెద్దమనిషి ఎవరైనా ఉంటే పదిమందికీ వినిపించేలా చదివేవాడట. యుద్ధం కబుర్లు, గాంధీగారి కబుర్లు. గట్టు మీద చక్రం దగ్గర నిలబడి మా నాన్న వినేవాడు. ఆయనకు అక్షరం రాదు. కబురు మంచి పట్టులో ఉండగా నీళ్లు సరిమట్టానికి వచ్చేస్తే ఏం చేయాలి? చక్రం కాస్త నిదానంగా తిప్పేవాడట. "రెండు నిమిషాలు ఎక్కువ పడితే ఎవరికి నష్టంరా? పై అధికారి చూస్తే జరిమానా వేసేవాడు, అంతే" అని నవ్వేవాడు. ప్రభుత్వ సమయాన్ని అలా దొంగిలించినందుకు ఆయన పక్షాన నేను ఇప్పుడు ఒప్పేసుకుంటున్నాను. రికవరీ పెడితే నా పెన్షన్‌లో పట్టుకోవచ్చు.

మా ఊళ్లోనూ గ్రంథాలయం ఉండేది. ఒక పెద్దాయన వీధి అరుగు మీద, రెండు బీరువాలతో. ఆ రోజుల్లో చాలా ఊళ్లలో అంతే. గుడి మండపంలోనో, సత్రంలోనో, పెద్దల ఇంటి ముందరో ఉండేవి. మరి అక్కడికి ఎందుకు వెళ్లలేదు నాన్నా అని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "రావద్దని ఎవరూ అనలేదురా. రమ్మనీ అనలేదు" అన్నాడు. మా కులమేదో, ఆ అరుగెవరిదో ఇక్కడ రాయనక్కరలేదు. ఈ పత్రిక చదివే పెద్దలకు ఆ ఒక్క మాటలో అన్నీ అర్థమవుతాయి. లాకు గట్టుకు అరుగు లేదు, గడప లేదు. అక్కడ నిలబడి వినడానికి ఆయన్ను ఎవరూ రమ్మనవలసిన పని లేకపోయింది. ఉద్యోగమే అక్కడ నిలబెట్టింది.

నేను రెండో తరగతిలో ఉండగా, వేసవి రాత్రుళ్లు గట్టు మీద చాప వేసుకుని, హరికేన్ లాంతరు దగ్గర నా వాచకం పెట్టుకుని ఆయన నాతోపాటే అక్షరాలు దిద్దాడు. ముప్ఫై దాటిన మనిషి. పోయేదాకా పేపరు పైకే చదివేవాడు, ఒక్కో మాటా విడదీసుకుంటూ. మా ఆవిడకు అది చికాకుగా ఉండేది గాని, మనసులో చదవడం ఆయనకు చివరిదాకా రాలేదు.

తెలంగాణ వైపు మిత్రులు మా కథ ఏది అని అడుగుతారు. న్యాయమే. మా బెజవాడ మహాసభ కంటే ముందే అక్కడ పుస్తక భాండాగారాలున్నాయి. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న వెలసింది. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో. కొమర్రాజు లక్ష్మణరావుగారి విజ్ఞానచంద్రికా మండలి 1906లో హైదరాబాదులోనే పుట్టి, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి చేత అబ్రహాం లింకన్ చరిత్ర రాయించి మొదటి పుస్తకంగా వేసింది. కాని నిజాం రాజ్యంలో పదిమంది ఒకచోట కూడి సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు పేరు పాతతరం వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. అందుకని అక్కడ చెట్టు కింద చదువు అంత తేలిక కాదు. అలాంటి చోట వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఒకప్పుడు ఇళ్లల్లో వంట చేసి, హోటల్లో పనిచేసి బతికిన మనిషి. పుస్తకం మోసినందుకు నిఘా కళ్లు వెంట పడే రోజుల్లో ఆ సంచి బరువు మన సంచుల బరువు లాంటిది కాదు.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. మనలో చాలామందిమి పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి ఆరు నెలలు కిటికీలోంచి బయటికి చూసి వచ్చినవాళ్లమే. నేనూ 2014 వేసవిలో వెళ్లాను. మా అబ్బాయి ఒకరోజు న్యూయార్క్ తీసుకువెళ్లి, అక్కడి పెద్ద గ్రంథాలయం వెనక ఉన్న బ్రయంట్ పార్కులో నన్ను కూర్చోబెట్టి ఆఫీసు పని చూసుకు వస్తానని పోయాడు. పచ్చిక, పెద్ద చెట్లు, కదిలే కుర్చీలు. ఒక పక్క చక్రాల బళ్ల మీద పుస్తకాలు, పేపర్లు. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని చెట్టు కింద చదువుకుంటున్నారు. కార్డు అడిగేవాడు లేడు, సంతకం లేదు. నాకు భయం వేసి ముందు ముట్టుకోలేదు. తర్వాత అక్కడి పలక చదివితే తెలిసింది. ఆ ఆరుబయలు గ్రంథాలయం మొదట పెట్టింది 1935లో, ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు పోయి వీధిన పడ్డవాళ్ల కోసం. డబ్బు అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు, ఇంటి చిరునామా కూడా అక్కర్లేదు. యుద్ధకాలంలో మనుషుల్లేక 1944లో ఆగిపోయి, మళ్లీ 2003లో తెరిచారట.

1935! మన పాతూరివారి పడవ కూడా ఆ ఏడాదిదే. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. అక్కడ ఉద్యోగం పోయినవాడికి గడప దాటే ధైర్యం లేదు. ఇక్కడ మా నాన్న లాంటివాడికి అరుగెక్కే చనువు లేదు. ఇద్దరికీ మందు ఒకటే దొరికింది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ పార్కు పచ్చిక కింద భూమిలో గ్రంథాలయం వారి పుస్తకాల గదులున్నాయి. లక్షల పుస్తకాల మీద జనం కాళ్లు చాపుకుని కూర్చుంటారు. మనవాళ్లయితే పుస్తకం మీద కాలు పెట్టామని కళ్లకద్దుకోవలసి వచ్చేది!

సరే, మన సంగతికి వద్దాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. మా ఊరి శాఖా గ్రంథాలయం పొద్దున మూడు గంటలూ సాయంత్రం మూడు గంటలూ తెరవాలని బోర్డు మీద ఉంది. ఉన్న ఒక్క ఉద్యోగికి రెండు ఊళ్లు అప్పగించారు కనుక తెరిచిన రోజు తెరిచినట్టు. ఆ అమ్మాయిని తప్పుపట్టలేం. అర్జీలు పెట్టాం, జవాబులూ వచ్చాయి. పెన్షనర్లకు అర్జీలు కొత్త కాదు.

అందుకని పోయిన ఏడాది వేసవిలో మా సంఘం యూనిట్ వాళ్లం ఐదుగురం కలిసి, సంఘం భవనం ఆవరణలో వేపచెట్టు కింద రెండు బల్లలు వేసి పుస్తకాలు పెట్టాం. సాయంత్రం ఐదున్నర నుంచి దీపాలు పెట్టేదాకా. ఎండవేళ వద్దని గట్టిగా అనుకున్నాం. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా పోయారు. వేసవి ఆనందం అంటూ మన వయసువాళ్లు ఎండతో పందెం వేయకూడదు.

మొదటి రోజు ఇద్దరు పిల్లలు వచ్చారు, ఆ ఇద్దరూ మా ఇంటివాళ్లే. మూడో రోజుకు పన్నెండు మంది. రిటైర్డు మాస్టారు ఒకరు తమ దగ్గరున్న పాత చందమామ బైండు పుస్తకాలు ఎనిమిది తెచ్చి పెట్టారు. 1947 జూలైలో మొదలై మూడు తరాలను చదివించిన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు కనుక వాటి విలువ చెప్పనక్కరలేదు. వారం తిరక్కముందే ఒక సాయంత్రం గాలిదుమారం లేచి, ఉరుముతో వాన కొట్టింది. పిల్లల్ని లోపలికి తోలేసరికి పుస్తకాలు తడిసిపోయాయి. మాస్టారివి నాలుగు బైండ్లు అందులో ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. ఒక్కో పేజీ మధ్య పౌడరు చల్లి, ఫ్యాను కింద పరిచి, తెల్లవారేదాకా కూర్చున్నారట. మర్నాడు సాయంత్రం మిగిలిన నాలుగూ తెచ్చి బల్ల మీద పెట్టారు. "తడిసినవి ఆరాక తెస్తాను" అన్నారు.

అయితే నన్ను కుదురుగా ఉండనీయనిది ఆ వాన కాదు. గేటు బయట రోజూ ఒక పిల్లవాడు నిలబడేవాడు. పదేళ్లుంటాయి. మా వీధి ఊడ్చే ఆవిడ కొడుకు. ఊచలు పట్టుకుని, లోపల మాస్టారు కథ చదువుతుంటే వినేవాడు. పిల్లలు నవ్వితే తనూ నవ్వేవాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఐదు రోజులు చూశాను. ఆరో రోజు రాత్రి మంచం మీద పడుకుంటే మా నాన్న మాట చెవిలో పడింది. రావద్దని మేమూ అనలేదు. రమ్మనీ అనలేదు.

మర్నాడు వాణ్ణి లోపలికి పిలిచాను. రాలేదు, పారిపోయాడు. పిలిచిన తీరు ఎలా ఉందో ఏమో, జీవితమంతా మస్టరు రోలు పిలిచిన గొంతు కదా. అప్పుడు మా ట్రెజరర్‌గారు, ఉమ్మడి నిధిలో పది రూపాయలు ఖర్చు పెట్టాలన్నా మూడు సంతకాలు అడిగే మనిషి, తనంతట తానే ఒక బల్ల ఎత్తి గేటు బయట వేశారు. వేపకొమ్మలు సగం రోడ్డు మీదికే ఉన్నాయి. నీడ అక్కడా అంతే. రెండో బల్ల మేం మోశాం. ఆ సాయంత్రం పిల్లవాడు రాలేదు. రెండు రోజుల తర్వాత తన చెల్లెలిని చంకనెత్తుకుని వచ్చి, బల్లకు ఆ చివర కూర్చున్నాడు. చదవడం కూడబలుక్కుంటాడు. మా నాన్న లాగే పైకి చదువుతాడు. పక్కన ఇంగ్లీషు మీడియం పిల్లలు మొదట కిసుక్కుమన్నారు. తీరా చూస్తే తెలుగు ఒత్తులు వాళ్లకంటే వీడికే బాగా వచ్చు. సెలవులు అయ్యేనాటికి మా ట్రెజరర్‌గారికి రోజూ వాడు ఒక కథ చదివి వినిపించేవాడు. ఆయనకు శుక్లాల ఆపరేషన్ అయింది, అప్పటికి సన్న అక్షరాలు కనపడేవి కావు.

ఈ ఏడాది బడులకు ఏప్రిల్ 24 నుంచి సెలవులని అంటున్నారు. ఆ సాయంత్రం నుంచే బల్లలు వేస్తున్నాం, గేటు బయటే. మాస్టారి నాలుగు బైండ్లూ ఆరాయి, కాస్త ఉబ్బి అట్టలు మూతపడటం లేదు గాని చదవడానికి ఇబ్బంది లేదు. మీ ఇళ్లల్లో పిల్లలు పెద్దవాళ్లయి వెళ్లిపోగా మిగిలిన తెలుగు పుస్తకాలుంటే సంఘం ఆఫీసులో ఇవ్వండి. గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు దయచేసి వద్దు. వాన వస్తే కప్పడానికి ఒక టార్పాలిన్ కూడా కావాలి. కొనడానికి ట్రెజరర్‌గారు ఈసారి రెండు సంతకాలు చాలన్నారు.